‘జీడి గుర్తు’ నవల డైరీ: ఇస్త్రీ బండి దగ్గర దొరికిన డిటెక్టివ్

ఏప్రిల్ 26

బడికి సెలవులిచ్చారు. సంక్రాంతి నుంచి అనుకుంటున్న నవల ఈ పొద్దున మొదలైంది. నాలుగు పేజీలు వచ్చాయి. డైరీ కూడా ఇవాళ్టి నుంచే రాస్తాను.

డిటెక్టివ్ నవల అనగానే మనకి కళ్లముందు మెదిలేది పెద్ద ఊరు, కారు, పిస్తోలు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో అర్ధరూపాయి ఇచ్చి తెచ్చుకుని, రాత్రికి రాత్రి చదివేసినవన్నీ అలాంటివే. అవంటే నాకిప్పటికీ ఇష్టం. కానీ నేను రాయాలనుకున్నది వేరు. అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊరు. అక్కడ ఒక తప్పు జరుగుతుంది. పోలీసు కాని మనిషి ఒకరు, రోజూ తన చేతిలో ఆడే వస్తువుల్ని బట్టి ఆ ముడి విప్పుతారు. నెత్తురూ భయమూ తక్కువ, ఊరూ మనుషులూ ఎక్కువ. ఇంగ్లీషు పాఠకులు ఇలాంటి వాటిని కోజీ మిస్టరీ అంటారు. మన దగ్గర ఈ రకానికి వేరే పేరు ఎందుకులే, కథ బాగుంటే చాలు.

ఊరు మా నరసాపురమే. డిటెక్టివ్ పేరు నూకరత్నం, వయసు 58, చదువు ఐదో తరగతి. మాధవాయిపాలెం రేవుకి పోయే దారిలో వేపచెట్టు కింద ఇస్త్రీ బండి. మొదట లైబ్రేరియన్ అనుకున్నాను, తర్వాత పోస్టుమాన్, ఆ తర్వాత మెడికల్ షాపు ఆయన. వాళ్లందరికీ ఊళ్లో కొంతమందే తెలుసు. ఇస్త్రీ బండికి మాత్రం ఎస్సైగారి యూనిఫాం, దొంగ చొక్కా, పెళ్లికొడుకు పంచె, బడిపిల్ల లంగా అన్నీ వస్తాయి. ఒకదాని మీద ఒకటి, ఒకే మూటలో.

ఏప్రిల్ 30

ఈ నాలుగు రోజులూ ఊరి పటం గీయడంతోనే సరిపోయింది. పెద్ద చార్టు మీద రేవు, బజారు, లేసు వ్యాపారి ఇల్లు, బండి, పోలీసు స్టేషను పెట్టుకున్నాను. ఎవరు ఎక్కణ్నించి ఎక్కడికి ఎన్ని నిమిషాల్లో నడుస్తారో తెలియకపోతే మిస్టరీ నిలబడదు. వాచీ పట్టుకుని నేనే నడిచి చూశాను.

నరసాపురం ఇలాంటి కథకి చేసిపెట్టినట్టు ఉంటుంది. పక్కన వశిష్ట గోదావరి. ఇటు రేవు, అటు ఒడ్డున సఖినేటిపల్లి, మధ్యలో మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు. రాత్రి పంటు ఆగిపోతే అవతలి ఒడ్డున ఉన్నవాడు ఇవతలికి రావాలంటే నాటు పడవైనా మాట్లాడుకోవాలి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగైనా రావాలి. రోడ్డు దారికీ పడవ దారికీ ఉన్న ఈ తేడా నాకు చాలా పనికొస్తుంది.

నేరం జరిగే రాత్రి కూడా కుదిరింది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఆ రాత్రి మా ఊరు సగం ఖాళీ అవుతుంది, అందరూ అవతలి ఒడ్డునే ఉంటారు. 2025లో భీష్మ ఏకాదశి ఫిబ్రవరి 8న వచ్చింది, నా కథ ఆ వారంలో. దశమి కాబట్టి వెన్నెల ఉంటుంది. మొదటి పేజీల్లో ‘కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి’ అని రాసేశాను. కొట్టేశాను.

మాధవాయిపాలెం గురించి ఒక మాట రాసుకోకుండా ఉండలేను. ఈస్టిండియా కంపెనీ వాళ్ల కాలంలో అక్కడ బట్టల కొఠీ, అంటే గిడ్డంగి, ఉండేది. అక్కణ్నించి ఓడలెక్కిన సన్నని నూలు గుడ్డకి ఊరి పేరే పడింది. ఇంగ్లీషు వాళ్ల నోట మాధవాయిపాలెం ‘మడపోలం’ అయింది. తర్వాత ఆ గుడ్డ ఎక్కడ నేసినా పేరు అదే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు వాళ్ల మస్కీటో విమానం చెక్కతో చేసింది. ఆ చెక్క మీద అతికించిన గుడ్డ కూడా మడపోలమే. ఇస్త్రీ చేసే మనిషి కథకి ఇంతకంటే మంచి చోటు నాకెక్కడ దొరుకుతుంది?

మే 4

ఇవాళ మా వీధి ఇస్త్రీ పిన్ని దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. నవలలో నూకరత్నం వేరు, పిన్ని వేరు. పిన్ని పేరు, బండి ఉన్న వీధి ఈ డైరీలో రాయనని మాటిచ్చాను. చిన్నప్పటి నుంచీ ఎరిగున్నా నన్ను టీచరమ్మా అనే పిలుస్తుంది.

బొగ్గుల పెట్టె చేతికిచ్చింది. కొబ్బరి చిప్పల బొగ్గు, ఇత్తడి పెట్టె, ఆరేడు కిలోలుంటుంది. దాన్ని నొక్కకూడదట. బరువు పెట్టెదే, చెయ్యి దారి చూపించడానికే. నాలుగు చొక్కాలు చేసేసరికి భుజం కన్నా ముందు నడుం పట్టేసింది. మొదటి అధ్యాయంలో నూకరత్నం ‘అలసిన చేతులతో’ అని రాశాను. చేతులు కాదు, నడుము. అది మార్చాను.

చొక్కాకి వరస ఉంది. ముందు కాలరు, తర్వాత చేతి పట్టీలు, చేతులు, భుజాలు, వీపు, ఆఖరికి ముందు భాగం. కళ్లకి కనపడేది ఆఖర్న చేస్తే మళ్లీ నలగదు. లేసు అంచున్న దిండు గలీబు అయితే కింద తువ్వాలు మడత పెట్టి, గలీబుని తిరగేసి వేసి, వెనకనుంచి పెట్టె ఆనించాలి. లేకపోతే అల్లిక పువ్వులు చదునైపోతాయి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లన్నీ అల్లే ఆడవాళ్ల గురించి రాశాయి, బాగుంది. ఆ పువ్వు నలగకుండా చూసే చెయ్యి గురించి ఈ నవలలో ఒక పేజీ ఉంటుంది.

తర్వాత పిన్ని మూట విప్పింది.

“ఇలా చూడండి టీచరమ్మా. పేరు చూడక్కర్లేదు.”

తెల్ల చొక్కా ఒకటి తీసింది. ఎడం వైపు జేబు అడుగున చిన్న నీలం చుక్క, పెన్ను కారింది. కుడి చేతి పట్టీ అంచు మాత్రమే అరిగింది, ఎడమది కొత్తదానిలా ఉంది. రోజంతా బల్ల మీద కుడి చెయ్యి ఆనించి రాసే మనిషి. ఇంకో చొక్కా వీపు మధ్యలో గుడ్డ నున్నగా మెరుస్తోంది. సీటుకి ఆనుకుని ఆనుకుని అలా అయింది, డ్రైవరు. ఒక చీర కుచ్చిళ్ల అంచు ఒకే చోట నలిగి నల్లబడింది, కుట్టుమిషను తొక్కే మనిషి. నా చీర గురించి అడిగాను. కొంగు మీద చాక్‌పీసు పొడి ఎంత ఉతికినా మడతల్లో ఉండిపోతుందని, సెలవుల్లో మాత్రం నా మూట శుభ్రంగా వస్తుందని చెప్పింది.

ఇంటికొచ్చి ఆ రాత్రే రెండో అధ్యాయం మొత్తం తిరగరాశాను. అందులో నూకరత్నం అన్నీ ‘ఊహిస్తుంది’ అని రాసి ఉంది. ఊహ కాదది, చదవడం. అక్షరాలు రావడానికీ చదవడానికీ మధ్య తేడా టీచరుగా నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

మే 9 నుంచి 13

ఈ ఐదు రోజులూ డాబా మీదే. కథలో మొదటి పెద్ద ఆధారం ఒక మరక. అది పని చేస్తుందో లేదో నేనే తేల్చుకోవాలి.

కథ ఇది. లేసు వ్యాపారి ఇంట్లో మెట్ల కింద పడి, తలకి దెబ్బ తగిలి, స్పృహ లేకుండా దొరుకుతాడు. మూడు తరాల నాటి అల్లిక నమూనాల కట్ట కనిపించదు. పంటు మీద టికెట్లు కోసే కుర్రాడి చొక్కా చేతి మీద ఎర్ర మరక. పోలీసులు నెత్తురంటారు. నూకరత్నం పసుపంటుంది.

పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి కలిపిన ప్రతి చేతికీ ఇది తెలుసు, పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపు. బట్టల సబ్బు కూడా అంతే. పాత పంచె చింపి నాలుగు ముక్కలు చేశాను. పసుపు నీళ్లు చల్లి, ఆరాక సబ్బు రుద్దితే ఇటుక రంగు వచ్చింది. ఎండిన నెత్తురు కూడా ఎర్రగా ఉండదు, అదీ గోధుమ రంగులోకే తిరుగుతుంది. చూసినవాళ్లు పొరబడడానికి చోటుంది. మీద నిమ్మచెక్క పిండగానే మళ్లీ పసుపు. ఎన్నిసార్లు చేసినా ఆ మార్పు చూస్తుంటే ఒళ్లు జల్లుమంది. కథలో ఎస్సై ముందు నూకరత్నం నిమ్మచెక్క పిండే సన్నివేశం అక్కడే కళ్లకి కట్టింది.

రెండో రోజు చిక్కొచ్చింది. సబ్బు రుద్దిన ముక్కని మంచి నీళ్లలో బాగా జాడించాను. ఎరుపంతా పోయి మామూలు పసుపు మరక మిగిలింది. అంటే ఉతికిన చొక్కా మీద ఎర్ర మరక ఉండదు. కథ కూలిపోయినట్టే అనిపించి రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే రేవుకి వెళ్లి కూర్చుంటే దారి దొరికింది. కుర్రాడు రేవు కుళాయి దగ్గర చొక్కాకి సబ్బు రుద్దుతున్నాడు, ఇంతలో పంటు హారన్ కొట్టింది. జాడించకుండానే పిండి సంచిలో కుక్కుకున్నాడు. ఇప్పుడా హారన్‌కి కూడా కథలో ఒక టైం పడింది. తప్పు దిద్దుకోబోతే ఇంకో ఆధారం చేతికొచ్చింది.

మూడో పరీక్ష ఎండది. పసుపు మరక ఎండలో వెలిసిపోతుందని మా అమ్మ చెప్పేది. ఒక ముక్క డాబా మీద, ఒకటి ఇంట్లో దండెం మీద వేశాను. మే ఎండ కదా, రెండు మధ్యాహ్నాలకే డాబా మీది ముక్క బాగా పాలిపోయింది. ఇంట్లోది చెక్కుచెదరలేదు. పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్ వెలుతురుకి విరిగిపోతుంది, అదీ కారణం. కాబట్టి ఆ చొక్కా ఎండ మొహం చూడకుండానే బండి దగ్గరికి వచ్చిందని నూకరత్నం చెప్పగలదు. పొద్దు పొడవక ముందు ఇచ్చాడని ఆమె దగ్గరున్న పద్దు నోటుబుక్కూ చెబుతుంది.

నా లెక్క మొత్తాన్ని మార్చేసింది మాత్రం నాలుగోది. ముక్కలన్నీ పట్టుకెళ్లి పిన్నికి చూపించాను. చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది.

“కుర్రోడికి పసుపు ఎక్కడ తగిలిందంటారు?”

“అంతర్వేదిలో అన్నదానం పందిట్లో పులిహోర వడ్డించాడు పిన్నీ.”

“మరి నూనె చుట్టు ఏదమ్మా?”

నేను నీళ్లలో కలిపిన పసుపు వాడాను. పులిహోరలో పసుపు నూనెలో ఉంటుంది. పసుపు నీళ్ల మరకకి అంచు ఒకేలా ఉంటుంది. పులిహోర మరకకి మాత్రం రంగు ఆగిన చోటు దాటి, ఇంకో వేలెడు దూరం నూనె పాకుతుంది. రంగుండదు, వెలుతురుకి పెడితేనే తెలుస్తుంది. ఇంటికెళ్లి పులిహోర కలిపి, ఐదో ముక్క తయారు చేశాను. సబ్బు రుద్ది, జాడించకుండా పిండి ఆరబెట్టినా నూనె చుట్టు అలాగే ఉంది. ఆ సన్నని చుట్టే కుర్రాణ్ని ఆ రాత్రి నది అవతల నిలబెడుతుంది. పసుపు ఎవరింట్లోనైనా తగలొచ్చు. నూనెలో వేగిన పసుపు, చేతి పట్టీకి పైన, వంగి వడ్డించేవాడికి గిన్నె అంచు ఆనే చోటే తగిలింది. ఇది నా బుర్రకి ఎప్పటికీ తట్టేది కాదు.

మే 20

జీడి. నవల పేరు దీన్నుంచే వచ్చింది.

వెనకటి రోజుల్లో రేవులో ఊరందరి బట్టలూ ఒకే బానలో ఉడికేవి. ఎవరివి ఎవరికి చేరాలో తెలియడానికి ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేది. రెండు చుక్కలో, చుక్కా గీతో, కొక్కెమో. నల్లజీడి గింజని సూదితో గుచ్చి, ఊరిన రసంతో గుడ్డ మూల గుర్తు పెట్టి, మీద సున్నం అద్దేవారు. గుడ్డ చిరిగిపోవాల్సిందే గానీ గుర్తు పోదు. ఏ గుర్తు ఏ ఇంటిదో రాసిన కాగితం ఎక్కడా ఉండదు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి నోటి మాటగా వచ్చేది. పిన్ని వాళ్ల అమ్మకి నూటికి పైగా ఇళ్ల గుర్తులు వచ్చట.

నల్లజీడి వేరు, మనం తినే జీడిపప్పు వేరు. రెండూ మామిడి కుటుంబానివే. జీడిమామిడి పోర్చుగీసు వాళ్లతో వచ్చింది, నల్లజీడి మన అడవుల్లోదే. ఆయుర్వేదం వాళ్లు భల్లాతకి అంటారు, శుద్ధి చెయ్యకుండా ముట్టుకోరు. ఆయుర్వేద దినుసులు అమ్మే కొట్లో పది గింజలు దొరికాయి. పిన్ని చెప్పినట్టు చేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని, సూదితో గుచ్చాను. రసం మొదట గోధుమ రంగులో ఉంది. సున్నం అద్దాక చూస్తుండగానే నలుపుకి తిరిగింది. మర్నాడు సబ్బు, సోడా, బ్లీచింగు పొడి అన్నీ పెట్టి ఉతికాను. గుడ్డ పాడైంది, గుర్తు అలాగే ఉంది.

అయినా మణికట్టు దగ్గర ఒక చుక్క తగిలినట్టుంది. రెండో రోజుకి పొక్కు లేచింది, వారం దాకా మంట తగ్గలేదు. డాక్టరుగారు మందు రాసిచ్చి, ఇంకెప్పుడూ ముట్టుకోవద్దన్నారు. ఇది చదివి ఎవరైనా చేసి చూద్దామనుకుంటే దయచేసి వద్దు. రోజూ ఆ రసంతో పని చేసిన చేతుల సంగతి మాత్రం ఈ వారమంతా ఆలోచిస్తూనే ఉన్నాను. నాలుగో అధ్యాయంలో నూకరత్నం తల్లి వేళ్ల మీద మచ్చలున్నాయని ఒక వాక్యం చేర్చాను.

కథలో పోయిన నమూనాల కట్టని చుట్టిన పాత గలీబు మూల ఒక జీడి గుర్తు ఉంటుంది. అది చదవగలిగిన వాళ్లు ఊళ్లో ఇద్దరే మిగిలారు. ఒకరు నూకరత్నం.

మే 28

పోలీసు భాగం. నా రాతలో ఎస్సై ‘మూడొందల ఏడు కింద కేసు’ అంటాడు. తెలిసిన లాయరుగారు చదివి ఆపేశారు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యాయత్నం ఇప్పుడు 109, హత్య 103. నా కథ 2025 ఫిబ్రవరిలో జరుగుతోంది, పాత నంబర్లు చెల్లవు. అయితే నలభై ఏళ్ల అలవాటున్న హెడ్ కానిస్టేబుల్ నోట పాత నంబరే వస్తుందని, ఎస్సై సరిదిద్దుతాడని రాశాను. లాయరుగారికి అది నచ్చింది, కోర్టులో రోజూ జరిగేదే అన్నారు.

ఇంకో మేలు కూడా జరిగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నరసాపురం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో, సఖినేటిపల్లి అమలాపురం కేంద్రంగా ఉన్న కోనసీమలో ఉన్నాయి. అంతకుముందూ నదికి అటు ఒక జిల్లా, ఇటు ఒక జిల్లానే. కుర్రాడి తల్లి అవతలి ఒడ్డు స్టేషనుకి పోతే ‘మా పరిధి కాదు’ అని పంపేస్తారని రాశాను. ఇప్పుడు అలా పంపకూడదు. కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు చోటుకి రావాలని 176 చెబుతోంది. అంటే నిమ్మచెక్కతో కేసు తేలదు, ల్యాబు రిపోర్టుతో తేలుతుంది. నిమ్మచెక్క చేసే పని ఒక్కటే, రిపోర్టు వచ్చేదాకా కుర్రాణ్ని ఊరు దొంగగా చూడకుండా ఆపుతుంది. నాకు ఆ పని చాలు.

వ్యాపారి చావాలా, బతకాలా అని చాలా రోజులు కొట్టుకున్నాను. చనిపోతే కథకి బిగువొస్తుందని ఒక స్నేహితురాలు అంది. బతికించాను. ఆయన కళ్లు తెరిచాక ఏం చెబుతాడోనన్న టెన్షన్ శవానికి ఉండదు.

జూన్ 3

ఈ రోజు జరిగింది జాగ్రత్తగా రాసుకోవాలి.

మొత్తం 21 వేల పదాలయ్యాయి. ఏడో అధ్యాయం పిన్నికి చదివి వినిపించాను. అందులో వ్యాపారి కొడుకు ప్యాంటు జేబులో నూకరత్నానికి తాకట్టు రసీదు దొరుకుతుంది. తల్లి నగలవి. నూకరత్నం సాయంత్రానికల్లా దాన్ని ఎస్సైకి ఇస్తుంది. నాకు ఆ అధ్యాయం చాలా బాగా వచ్చిందనిపించింది.

పిన్ని పెట్టెని కమ్మీ మీద నిలబెట్టింది. కాసేపు మాట్లాడలేదు.

“అలా ఇచ్చేత్తే మర్నాడు బండి కాడికి ఎవరొత్తారమ్మా?”

“తప్పు చేసినవాడు దొరకాలి కదా పిన్నీ.”

“దొరకాలి. అయితే జేబులో దొరికింది జేబుగలోడికే ఇవ్వాలండి. మేం చూత్తాం. చెప్పం. మా అమ్మ నాకు గుర్తుల కంటే ముందు అదే నేర్పింది.”

ఆస్పత్రి చీటీలు, ప్రేమ ఉత్తరాలు, అప్పు కాగితాలు, ఒకసారి మంగళసూత్రం కూడా దొరికాయట. అన్నీ ఇస్త్రీ మడత మధ్యలో పెట్టి ఎవరివి వాళ్లకే. ఇంట్లో ఇంకొకరి చేతికి కూడా ఇవ్వదు. ఎవరివో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంటికొస్తుంటే కాళ్లు బరువెక్కాయి. ఇన్నాళ్లూ నేను చేసిన పొరపాటు తెలిసింది. నూకరత్నానికి ఆమె కళ్లిచ్చాను, ఆమె వేళ్లిచ్చాను, ఆమె కట్టుబాటు మాత్రం ఇవ్వలేదు. ఊరంతా తన మురికి బట్టల్ని ఒక మనిషి చేతిలో ఎందుకు పెడుతోందో ఆలోచించలేదు. నమ్మకం కాబట్టి పెడుతోంది. ఆ నమ్మకాన్ని ఒక్క పూటలో ఎస్సై బల్ల మీద పారేసే మనిషి నాకు డిటెక్టివ్ ఎలా అవుతుంది?

ఏడు నుంచి పది దాకా నాలుగు అధ్యాయాలు పక్కన పెట్టేశాను. తొమ్మిది వేల పదాలు.

జూన్ 10

చెప్పకూడని డిటెక్టివ్. అన్నీ చూస్తుంది, ఒక్కటీ చెప్పదు. మరి నిజం బయటికెలా వస్తుంది?

వారం రోజులు ఒక్క పేజీ కూడా రాయలేదు, నడిచాను. రేవు నుంచి బజారుకి, బజారు నుంచి రేవుకి. ఇవాళ తెల్లవారుజామున ఏడో అధ్యాయం కొత్తగా వచ్చింది. నూకరత్నం ఆ రసీదుని కూడా ఇస్త్రీ చేస్తుంది. ముడతలు పోయేలా, వేడి తగ్గిన పెట్టెతో, గుడ్డ అడ్డం పెట్టి. ప్యాంటు మడత మధ్యలో కాకుండా మూట మీద, అందరికంటే ముందు అతనికే కనపడేలా పెట్టి ఇస్తుంది. అతను డబ్బులిస్తూ చూస్తాడు. ఆమె చిల్లర లెక్కపెడుతుంది. “ఎనిమిది జతలండి. పద్దులో రాశాను” అంటుంది, అంతే. ఆమెకి తెలుసని అతనికి తెలిసింది. ఆ రాత్రి అతను ఏం చేస్తాడన్నదే ఎనిమిదో అధ్యాయం.

నిమ్మచెక్క సన్నివేశం కూడా మార్చాను. కుర్రాడి చొక్కా ఎస్సైకి చూపించే ముందు నూకరత్నం ఆ కుర్రాడి తల్లి దగ్గరికి వెళ్లి అడుగుతుంది. ఆ తల్లి సరేనన్నాకే మూట విప్పుతుంది.

జూన్ 22

బడి తెరిచి పది రోజులైంది. పొద్దున నాలుగున్నర నుంచి ఆరు దాకా మాత్రమే కుదురుతోంది. రోజుకి మూడొందల పదాలు, కొన్ని రోజులు అవీ లేవు. వానలకి బొగ్గు చెమ్మెక్కి రాజుకోవడం లేదని పిన్ని విసుక్కుంటోంది. అది అలాగే పదకొండో అధ్యాయంలో పెట్టాను.

జూలై 6

పదమూడు అధ్యాయాలయ్యాయి. జీడి గుర్తు ముడి ఎలా విప్పాలో కూడా తేలింది. నూకరత్నం ఆ గుర్తు ఏ ఇంటిదో ఎవరికీ చెప్పదు. పోలీసులు గలీబుని ఫొటో తీసుకుని, కోర్టు పనయ్యాక తిరిగిచ్చాక కథ అయిపోతుందని మొదట అనుకున్నాను. అక్కడిదాకా ఆగక్కర్లేదు. అదే జతలో రెండో గలీబు ఒకటి, అదే గుర్తుతో, మామూలు మూటలో ఆమె బండికే వస్తుంది. ఆమె దాన్ని గంజి పెట్టి, తిరగేసి, లేసు నలగకుండా ఇస్త్రీ చేసి, గుర్తున్న మూల పైకి కనపడేలా మడిచి, ఆ ఇంటి గడప దగ్గర తనే స్వయంగా ఇచ్చొస్తుంది. ఏ ఇల్లన్నది ఇక్కడ రాయను.

జూలై 13

ఇవాళ ఆదివారం. ఆ గడప సన్నివేశం పిన్నికి వినిపించాను. చెప్పిన దిద్దుబాటు ఒక్కటే. గలీబుకి గంజి ఎక్కువ పెట్టకూడదట, దిండు మీద తల పెట్టుకునేవాళ్ల బుగ్గ గీరుకుంటుంది. గంజి తీసేశాను.

వచ్చేస్తుంటే అడిగాను, వాళ్ల అమ్మగారి రోజుల్లో మా తాతగారింటికి ఏ గుర్తు ఉండేదని. పిన్ని ఆలోచించలేదు కూడా. బండి మీద పరిచిన దుప్పటి మీద వేలితో గీసి చూపించింది. గీత ఏమీ పడలేదు గానీ నాకు కనపడింది. ఇంటికొచ్చి పాత ట్రంకు పెట్టె తీశాను. మా అమ్మమ్మ దాచిన దుప్పటి ఒకటుంది. నాలుగు మూలలూ వెతికాను. మూడో మూలలో, కుట్టు పక్కన, వడ్లగింజంత ఉంది. నల్లగా, అంచు చెదరకుండా.

చిన్నప్పటి నుంచీ కప్పుకున్న దుప్పటి అది. ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ గుర్తు నవలలో పెట్టను. నూకరత్నం కోసం రెండు చుక్కలూ, వాటి కింద పడుకున్న గీతా అనుకున్నాను. అలాంటిది ఏ ఇంటికీ లేదని పిన్నిని అడిగి తెలుసుకున్నాకే ఖాయం చేశాను. రేపు పొద్దున పద్నాలుగో అధ్యాయం, వ్యాపారి కళ్లు తెరుస్తాడు.